కూర్చునే బల్కర్

మా గుంపులో ఒక రూలుంది. కొత్త పీసు తెచ్చినవాళ్ళు ఆ రోజు దాని గురించి నోరు విప్పకూడదు. మిగతావాళ్ళు తిప్పి చూస్తారు, అనాల్సింది అంటారు, తెచ్చినవాళ్ళు విని ఇంటికి పోవాలి. ఈ రూలు పెట్టింది నేనే. ఎందుకు పెట్టానంటే, వీళ్ళ సోది భరించలేక.

గుంపంటే పెద్ద జనమేం కాదు. లారీలా ఉండి రోబోగా, కారులా ఉండి రోబోగా మారే బొమ్మలు ఏరి దాచుకునే పిచ్చివాళ్ళం, జగ్గయ్యపేట, నందిగామ కలిపి నలుగురం. ఆదివారం మధ్యాహ్నం జగ్గయ్యపేటలో మా షాపులో కలుస్తాం. మాది లారీ సీట్లు కుట్టే షాపు. మా ఆయన అక్రమ్ కుట్టు మిషను మీద కూర్చుంటే నేను రెగ్జిన్ కోస్తాను, బేరాలు చూస్తాను, డ్రైవర్లతో పోట్లాడతాను. ఆదివారం పని ఆపేసి, స్పాంజి షీట్ల మీద దుప్పటి పరిచి దాని మీద బొమ్మలు పెట్టుకుంటాం. "మెహరాజూ, నలభై దాటినయ్, ఇంకా బొమ్మలాటేంటే నీకు" అని అక్రమ్ గొణుగుతూనే టీ తెచ్చిపెడతాడు. గొణిగినా టీ మాత్రం బాగా పెడతాడు.

ముందు బ్రహ్మయ్యగారి సంగతి చెప్పాలి. రెడ్డిగూడెంలో మామిడితోటలున్న మనిషి, నందిగామలో పురుగుమందుల షాపు. మాలో పెద్దాయన. చిన్నప్పుడు వాళ్ళ నాన్నతో బెజవాడ వెళ్ళినప్పుడు ఒక షాపు అద్దం వెనక రోబోను చూశారట. కొనిపెట్టమని ఏడిస్తే నాన్నగారు రెక్క పుచ్చుకుని లాక్కుపోయారు. అంతే, ఆయనకి ఇప్పటికీ రోబో అంటే అద్దం వెనక నిటారుగా నిలబడి మొహం చూపించేదే. ఎంత మంచి పీసు కొన్నా పెట్టె విప్పరు. మొహం బాగుంటే బొమ్మ బాగున్నట్టే. చేతులు తిరుగుతాయో లేదో ఆయనకి అక్కర్లేదు.

ప్రేమదాసు బడిలో డ్రిల్లు మాస్టారు. హాస్టల్లో పెరిగాడు. ఒక క్రిస్మస్‌కి ఎవరో పంపిన పాత బొమ్మల మూటలో కారు రోబో ఒకటి వచ్చింది. పెట్టె లేదు, ఎలా తిప్పాలో చెప్పే కాయితం లేదు. హాస్టల్ పిల్లలంతా కలిసి తంటాలు పడి ఎట్టకేలకి దాన్ని మనిషిని చేశారట. దాంతో కాయితం చూసి తిప్పాల్సిన పీసు ఏదైనా సరే, అతని దృష్టిలో చెత్త. "చేతికే తెలియాలక్కా" అంటాడు. పది మంది చేతులు కలిస్తే తెలిసిందని మాత్రం మర్చిపోతాడు.

ఇహ నేను. మా అన్న అన్సార్‌కి మా మామ కువైట్ నుంచి లారీ రోబో తెచ్చాడు. మా అన్న నన్ను దాని ఛాయలకి కూడా రానిచ్చేవాడు కాదు. ఒకరోజు అది మధ్యలో ఇరుక్కుపోయింది. కేబిన్ పైకి లేచి, ఒక చెయ్యి బయటికి వచ్చి, అటు లారీ కాదు, ఇటు మనిషీ కాదు. అప్పుడు తెచ్చి నా ఒళ్ళో పారేశాడు. అది ఏళ్ళ తరబడి అలాగే నా పక్కలో పడుకుంది. అందుకని ఏ పీసు చేతికొచ్చినా సగం తిప్పి ఆపి చూస్తాను. ఆ సగంలో అందంగా లేకపోతే నాకు ఎక్కదు. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, నాకేం.

మొదట్లో ప్రతి ఆదివారం ఇవే కథలు. ఎవరు ఏ పీసు తెచ్చినా ముందు వాళ్ళ చిన్నతనం వినాలి. విన్నాక ఇంకేం అంటాం, మొహమాటానికి బాగుందంటాం. ఒకరోజు ఇలా కాదని కేకలేశాను. "మీ కథలు మీ ఇళ్ళల్లో చెప్పుకోండి. ఇక్కడ బొమ్మే మాట్లాడాలి" అన్నాను. అందరూ తలూపారు. అప్పట్నుంచి మా తీర్పులన్నీ నికార్సయినవని మా అందరికీ గట్టి నమ్మకం.

నాలుగోవాడు హరిచరణ్. అందరికంటే చిన్నవాడు. నందిగామలో చిన్న గదిలో త్రీడీ ప్రింటర్ పెట్టుకుని, మిక్సీ మూతల దగ్గర్నుంచి ఫ్యాను గేర్ల దాకా విరిగిన ప్లాస్టిక్ సామాన్లు మళ్ళీ చేసిస్తాడు. మా పాత పీసులకి విరిగిన చేతులు చేసిస్తూ చేసిస్తూ గుంపులో కలిశాడు. వాడి దగ్గర సొంత బొమ్మలు లేవు, చిన్నప్పుడు కూడా ఒక్క రోబో లేదట. మాట తక్కువ. మా రూలు వల్ల ఇబ్బంది పడనివాడు వాడొక్కడే.

ఈ ఏడు వానలు మొదలైన కొత్తలో ఒక ఆదివారం తువ్వాల్లో ఏదో చుట్టుకుని వచ్చాడు.

"ఇది నేను చేసిందే అక్కా. హైదరాబాద్‌లో ఒక బొమ్మల కంపెనీ డిజైన్లు అడుగుతోంది. నచ్చితే ఉద్యోగంలోకి తీసుకుంటారంట. ఒక్కటే పంపాలి, ఒక్కసారే పంపాలి. మీరు చూసి చెప్పండి" అని, ఇక రూలు ప్రకారం నోరు మూసుకున్నాడు.

తువ్వాలు విప్పితే బల్కరు. అంటే పొడి సిమెంటు మోసే ట్యాంకు లారీ. మా పేటలో ఫ్యాక్టరీల ముందు బారులు తీరి ఉంటాయి, వాటి సీట్లు కుట్టే మేం బతుకుతున్నాం. వాడు చేసింది చూస్తే నా కళ్ళు చెదిరాయి. ట్యాంకు కింద గొట్టాలు, వెనక నిచ్చెన, మడ్‌గార్డుల మీద సిమెంటు పేరుకున్న బూడిద రంగు, ఒక్కటి తప్పు లేదు. కేబిన్ లోపల సీటు మీద కుట్లు కూడా ఉన్నాయి. అక్రమ్ మిషను దగ్గర్నుంచి లేచి వచ్చి మరీ చూశాడు.

ప్రేమదాసు తిప్పాడు. ట్యాంకు నిలువునా విచ్చుకుంది. కేబిన్ ఛాతీ అయింది, చక్రాలు వీపు వెనక్కి పోయాయి, చేతులు వచ్చాయి. కాళ్ళు వచ్చాయి. వచ్చి మడతపడ్డాయి. రోబో బాసింపట్టు వేసుకుని దుప్పటి మీద కూర్చుంది.

"లేవట్లేదేంటి?" అని ప్రేమదాసు కాళ్ళు లాగాడు.

"గట్టిగా లాగకు, విరుగుద్ది" అన్నాను. తీసుకుని చూశాను. బిగుసుకుపోవడం కాదు, అసలు మోకాలికి కీలే లేదు. మడిచిన కాలు మడిచినట్టే ఒకే ముక్కగా చేశాడు.

బ్రహ్మయ్యగారు పగలబడి నవ్వారు. "ఇదెక్కడి రోబోనయ్యా! మొండికేసి కూర్చుంది! షాపులో పెడితే పక్క బొమ్మ మోకాలి దాకా రాదు. మొహం ఎవడికి కనపడుద్ది?"

"కాళ్ళు లాగాలో, వదిలెయ్యాలో చేతికి తెలియట్లేదు" అన్నాడు ప్రేమదాసు. "కాయితం లేకపోతే పిల్లలు విరగ్గొడతారు."

నేను దాన్ని సగంలో ఆపి చూశాను. ట్యాంకు తెరుచుకుని ఉంది, లోపల ఖాళీ. ఆ సగంలో దానికి ఒక ఆకారం లేదు. అదే అన్నాను. "పైగా రోబో అన్నాక లేచి నిలబడాలా వద్దా? మనిషి అయ్యిందని ఎలా తెలుస్తుంది?" అని కూడా అన్నాను.

హరిచరణ్ చెవులు ఎర్రబడ్డాయి. "అక్కా, అది కూర్చోడం ఎందుకంటే..." అన్నాడు.

"రూలు!" అని అరిచాను.

వాడు నోరు మూసుకుని, బొమ్మని తువ్వాల్లో చుట్టుకుని వెళ్ళిపోయాడు.

తరవాతి ఆదివారాల్లో తెచ్చిన ప్రతిసారీ అది మారుతూ వచ్చింది. మోకాళ్ళకి కీళ్ళు వచ్చాయి. నిలబడింది. పక్క బొమ్మల ఎత్తుకి నిలబడాలంటే ట్యాంకు పొడవు పెంచాల్సి వచ్చింది, పెంచితే బల్కరు కాస్తా పాలట్యాంకరులా తయారైంది. మొహం చిన్నగా ఉందని బ్రహ్మయ్యగారంటే మొహం పెద్దదైంది, పెద్ద మొహం పట్టక కేబిన్ ఉబ్బింది. ఎక్కడ పట్టుకోవాలో తెలియట్లేదని ప్రేమదాసంటే పట్టుకోవాల్సిన చోటల్లా గాట్లు వచ్చాయి. సీటు మీద కుట్లు ఎప్పుడు పోయాయో నేను గమనించనేలేదు.

ఆఖరి ఆదివారం నేను దాన్ని సగంలో ఆపాను. కేబిన్ పైకి లేచింది, ఒక చెయ్యి బయటికి వచ్చింది. అచ్చం మా అన్న నా ఒళ్ళో పారేసినదే. నా గుండె ఝల్లుమంది.

"ఇదిరా పీసంటే!" అన్నాను.

బ్రహ్మయ్యగారు దాన్ని అల్మారా అద్దం వెనక పెట్టించి, దూరం నుంచి చూసి, "ఆహా" అన్నారు. ప్రేమదాసు కళ్ళు మూసుకుని తిప్పి చూపించాడు. మా ముగ్గురిలో ఎవరికి కావలసింది వాళ్ళకి దొరికింది. గుర్తుగా ఉంటుందని ఫోనులో వీడియో కూడా తీసుకున్నాం. బ్రహ్మయ్యగారు చొక్కా సర్దుకుని మరీ మాట్లాడారు.

హరిచరణ్ తువ్వాలు చుడుతున్నాడు. బొమ్మ వంక చూడకుండానే చుడుతున్నాడు.

"నీకు నచ్చిందా?" అని అడిగాను.

"మీకు నచ్చింది కదక్కా" అన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇంత చేసినవాడు కాస్త మొహం వెలిగించుకుంటే వాడి సొమ్మేం పోయింది? వాడు వెళ్ళాక అక్రమ్‌తో అదే అన్నాను. అక్రమ్ దారం ఎక్కించుకుంటూ, "మొదట తెచ్చిందే బల్కర్‌లా ఉందే" అన్నాడు. "నీకేం తెలుసు, కుట్టుకో" అన్నాను.

ఆ గురువారం మా మిషనులో ప్లాస్టిక్ గేరు పళ్ళు అరిగిపోయాయి. దాన్ని సంచీలో వేసుకుని బస్సెక్కి నందిగామ వెళ్ళాను. హరిచరణ్ గదిలో లేడు. వాళ్ళమ్మ రత్నమణిగారు ఉన్నారు. కొడుక్కి అన్నం తెచ్చి, వాడొచ్చేలోగా బల్ల తుడుస్తున్నారు.

"రామ్మా. రేపు పంపాలంట గదా, పెట్టెలో పెట్టడానికి థర్మోకోల్ తెస్తానని పోయాడు. కూర్చో" అన్నారు.

కూర్చున్నాను. బల్ల మీద ప్రింటరు పక్కన మొదటి బల్కరు ఉంది, రోబోగా మార్చి, బాసింపట్టు వేసుకుని. రత్నమణిగారు గుడ్డ చుట్టూ తిప్పి తుడిచారు తప్ప దాన్ని కదపలేదు.

"ఇది ఇంకా ఉంచాడేంటి పిన్నిగారూ? పారేసుంటాడనుకున్నా."

"పారేస్తాడా! వాళ్ళ నాన్న కదమ్మా అది."

నాకు అర్థం కాలేదు. అలాగే చూస్తుంటే ఆవిడే చెప్పారు.

"మా ఆయన కృష్ణయ్య బల్కర్ డ్రైవరమ్మా. నీకు తెలవదా? మీ పేటలోనే లోడెత్తుకునేవాడు. బెజవాడ, ఏలూరు, ఒక్కోసారి ఇంకా అవతలికి. మా ఊరి మీదుగానే రోడ్డు, కానీ ఇంటికి రావడానికి లేదు. అంత బండి మా సందులో ఎక్కడ తిరుగుద్ది? లోడు దించి వచ్చాడో లేదో మళ్ళీ లోడు. అందుకని ఐతవరం దగ్గర రోడ్డు పక్కన ఆపేవాడు. నేను క్యారేజీ కట్టుకుని, వీణ్ణి చంకనేసుకుని ఆటోలో పోయేదాన్ని."

గుడ్డ పిండి మడతపెట్టి మళ్ళీ అందుకున్నారు.

"బండి నీడలో పట్టా వేసుకుని, ఇదిగో, ఇట్టాగే కూర్చునేవాడు. వీణ్ణి ఒళ్ళో పెట్టుకుని ముద్దలు కలిపి పెట్టేవాడు. నేను క్యారేజీ పట్టుకుని ఎదురుగా. మా కాపురం అంతేనమ్మా. వీడికి నాన్న ఇంట్లో ఉన్న గుర్తే లేదు. చిన్నప్పుడు అడిగాడు నన్ను, లారీ ఆగాక నాన్న అవుద్దా అమ్మా అని. నేను నవ్వి, అవునురా అన్నా."

"ఇప్పుడాయన..."

"పోయాడు. వీడు టెన్త్‌లో ఉండగా. గుండె నొప్పొస్తే బండి పక్కకి తీసి, బ్రేకేసి మరీ పోయాడు" అన్నారు. మామూలుగానే అన్నారు. ఎన్నోసార్లు చెప్పి ఉంటారు. "వాడు నీకు చెప్పలేదా ఇదంతా?"

"నేను చెప్పనివ్వలేదు పిన్నీ" అన్నాను.

"ఆ, మీ రూలు సంగతి చెప్పాడులే. మంచి రూలేనమ్మా అన్నాడు. బొమ్మ బాగుంటే బాగుందంటారు, నా ఏడుపు వాళ్ళకెందుకు అన్నాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. సిగ్గు కూడా వేసింది, అబద్ధమెందుకు. అద్దం వెనక రోబో కావాలని ఒకాయన, మూటలో రోబో కావాలని ఒకడు, ఒళ్ళో పడ్డ సగం రోబో కావాలని నేను. కథలు వద్దని రూలు పెట్టుకుని, ముగ్గురం మా కథలే తెచ్చి వాడి బొమ్మకి అతికించాం. నోరు మూసుకున్నది వాడొక్కడే.

హరిచరణ్ థర్మోకోల్ షీట్లు చంకలో పెట్టుకుని వచ్చాడు. నన్ను చూసి, "గేరు పోయిందా అక్కా?" అన్నాడు.

"గేరు సంగతి తరవాత. ఏది పంపుతున్నావ్?"

"నిలబడేదే. పెట్టెలో పెట్టేశా కూడా."

"ఎందుకు?"

"అందరికీ నచ్చింది గదా. నాకేం తెలుసక్కా, నాకు ఒక్క రోబో కూడా లేదు ఎప్పుడూ. మీరు ఇన్ని చూశారు. మీకే తెలుసుద్ది."

"మాకు తెలిసింది బూడిద!" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, పక్క కొట్టతను తొంగి చూశాడు. "మాకు మా బొమ్మలు తెలుసురా. నీ బొమ్మ మాకేం తెలుసు?"

వాడు వాళ్ళమ్మ వంక చూశాడు. రత్నమణిగారు క్యారేజీ విప్పుతూ తల వంచుకున్నారు.

బ్రహ్మయ్యగారి షాపు రెండు వీధుల అవతలే. ఫోన్ చేసి రమ్మన్నాను. పని ఉందన్నారు. పురుగుమందులు ఎక్కడికీ పోవు, మీరు రండి అన్నాను. రొప్పుకుంటూ వచ్చారు. జరిగిందంతా చెప్పాను. ఆయన మొదటి బల్కరును చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. ఏ పీసునీ అలా ఒట్టి చేతులతో పట్టుకోవడం నేను చూడలేదు.

"అయ్యో పిచ్చోడా, ముందే చెప్పొద్దా?" అన్నారు. తరవాత కాసేపు ఆలోచించి, "కానీ ఒక మాటమ్మా మెహరాజూ. కోప్పడకు. మనకంటే ఇప్పుడు తెలిసింది. కంపెనీవాళ్ళకి ఎవరు చెప్తారు? వాళ్ళ ముందు బొమ్మే ఉంటది, కథ ఉండదు. కథని పెట్టెలో పెట్టి పంపలేం గదా. మొదటిరోజు మనం నవ్వినట్టే వాళ్ళూ నవ్వుతారు. నవ్వి పక్కన పడేస్తే? పిల్లోడి బతుకు ఇది" అన్నారు.

పోట్లాడదామని నోరు తెరిచాను. కానీ ఆయన అన్నదాంట్లో తప్పేముంది? మొన్న పగలబడి నవ్వినవాళ్ళం మేమే. హైదరాబాద్‌లో ఏ బల్ల ముందో కూర్చున్న మనిషికి ఐతవరం దగ్గర రోడ్డు పక్క పట్టా సంగతి ఎలా తెలుస్తుంది? నేను తొందరపడి వాడి ఉద్యోగం చెడగొడుతున్నానేమోనని భయం వేసింది.

బ్రహ్మయ్యగారే దారి చూపించారు. "ఒరే హరీ, ఇట్టా చెయ్. ఈ మొదటిదానికే మోకాళ్ళకి కీలు పెట్టు. కూర్చోమంటే కూర్చుంటది, లేవమంటే లేస్తది. మీ నాన్నా ఉంటాడు, కంపెనీవాళ్ళకి నిలబడే రోబో కూడా ఉంటది. రేపు సాయంత్రం దాకా టైముంది గదా. ఏమంటావ్ మెహరాజమ్మా?"

సబబుగానే తోచింది. "అంతే, అట్టా చేసెయ్. ఇంతోటిదానికి ఎందుకురా ఇన్ని తిప్పలు?" అన్నాను. తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను కూడా. రత్నమణిగారు కంచంలో అన్నం పెట్టి కొడుకు వైపు జరిపారు.

హరిచరణ్ కంచం ముట్టుకోలేదు. బ్రహ్మయ్యగారి చేతిలోంచి బొమ్మని తీసుకుని బల్ల మీద ఎప్పటిలాగే కూర్చోబెట్టాడు.

"కీలు పెట్టడం రాక కాదు బాబాయ్" అన్నాడు. "మొదట పెట్టా. పెట్టి, తీసేశా."

"ఎందుకురా?"

వాడికి రూలు గుర్తొచ్చిందేమో, నా వంక చూశాడు. నేను తల ఊపాను.

"మా నాన్న లేచాడంటే, ఇక బండెక్కడమే అక్కా. చెయ్యి కడుక్కుని లేచి నిలబడేవాడు, అంతే, వెళ్ళిపోయేవాడు. మళ్ళీ ఎప్పుడో. నేను ఏడ్చినా ఆగేవాడు కాదు. ఇది లేవకూడదనే చేశా."

రత్నమణిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ మాట ఆవిడా ఇప్పుడే విన్నట్టుంది.

పెట్టెలో ఉన్నదాన్ని నేనే బయటికి తీశాను. బ్రహ్మయ్యగారు థర్మోకోల్ షీటు కోసిచ్చారు. కూర్చున్నదాన్ని హరిచరణ్ తన చేత్తోనే లోపల పెట్టుకున్నాడు.